తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా

తాగిన మనిషిని స్పానిష్‌లో ఎన్ని మాటలతో పిలవచ్చో నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా వంశంలో చుక్క ముట్టినవాళ్ళు లేరు. దగ్గుమందు సీసా మీద ఆల్కహాలు అని కనబడితే షాపులో తిరిగిచ్చి రమ్మనే ఇల్లు మాది. అలాంటి ఇంటి పిల్లకి స్పానిష్ ఎం.ఏ. ఆఖరి సంవత్సరంలో ఆ అంశం వచ్చి పడింది. నా ఖర్మ అనుకున్నాను. అసలు ఖర్మ ఇంకా ముందుందని అప్పటికి తెలియదు.

మాది కడప వైపు. నాన్న ప్రభుత్వోద్యోగం మీద హైదరాబాదు వచ్చి, తార్నాకలో ఒక సందులో మేడమీద వాటా అద్దెకు తీసుకున్నాడు. నేను చదివే క్యాంపస్‌కి ఇంటి నుంచి నడిచిపోవచ్చు. నడిచిపోవచ్చన్నది పేరుకే. తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచిన రోజులవి. పొద్దున బయల్దేరితే రోడ్డు తెరిచి ఉంటుందో లేదో, గేటు తీస్తారో లేదో, గేటు తీసినా లోపల క్లాసు జరుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ముళ్ళకంచెలు, పోలీసు వ్యాన్లు, గాలి ఇటు తిరిగితే కళ్ళల్లో బాష్పవాయువు మంట. పుస్తకాల సంచిలో తడిగుడ్డ పెట్టుకుని వెళ్ళడం అలవాటైపోయింది.

మాకు స్పానిష్ చెప్పే మేడంది కోస్తా. కొన్నాళ్ళు స్పెయిన్‌లో చదువుకుని వచ్చిన మనిషి. అక్కణ్ణుంచి ఒక పద్ధతి పట్టుకొచ్చింది. డిక్షనరీని నమ్మకూడదని ఆమె పట్టు. ఇంగ్లీషులో టిప్సీ అన్నా, డ్రంక్ అన్నా, స్లాష్డ్ అన్నా, డిక్షనరీలో ఎదురుగా ఒక మాట రాసి చేతులు దులుపుకుంటారు. కానీ ఏ మాట ఎంత తాగినవాడికి సరిపోతుందో పుస్తకం చెప్పదు. అందుకని పరీక్షకి మమ్మల్ని జోడీలుగా విడదీసింది. జోడీలో ఒకరు స్పానిష్ మాట చెప్పి, అది ఏ దేశంలో వాడతారో, ఎవరు ఎవరి ముందు వాడతారో వివరించాలి. రెండోవాళ్ళు ఆ మాటకు తగినట్టు తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా నడవాలి. బల్ల వెనక కూర్చున్న పరీక్షకుడు ఆ నడక చూసి ఇంగ్లీషు మాట చెప్పాలి. అతను చెప్పిందీ మనం అనుకున్నదీ కలిస్తే మార్కు.

వినడానికి సరదాగా ఉంది కదా. నాకూ మొదటి రోజు సరదాగానే ఉంది. 'అచిస్పాదో' అంటే లోపల నిప్పురవ్వ పడినవాడు, అంటే టిప్సీ. 'అలెగ్రె' అంటే మామూలుగా సంతోషంగా ఉన్నవాడు, రెండు గ్లాసులు పడినవాణ్ణి కూడా మర్యాదగా అలాగే అంటారు. 'బొర్రాచో' అందరికీ తెలిసిన మాట. 'ఎబ్రియో' కోర్టుల్లో, పేపర్లలో. 'బోలో' అంటే మధ్య అమెరికాలో అర్థమవుతుంది, స్పెయిన్‌లో అంటే తెల్లమొహం వేస్తారు. చిట్టచివర 'కోమో ఉనా కూబా', అంటే సారా పీపాలాగా నిండిపోయి, ఇక ఎత్తితే తప్ప లేవనివాడు. ఇంగ్లీషువాళ్ళు అదే మనిషిని సుత్తితో కొట్టించి హామర్డ్ అన్నారు. మా ఇంట్లో అయితే వీళ్ళందరికీ కలిపి ఒకటే మాట. రవ్వ పడినవాడూ తాగుబోతే, పీపా అయినవాడూ తాగుబోతే.

నా జోడీగా వచ్చింది నల్లగొండ వైపు అమ్మాయి. అడిక్‌మెట్‌లో ఇంకో ముగ్గురితో కలిసి గదిలో ఉండేది. వాళ్ళ నాన్న గీత కార్మికుడు, తాటిచెట్లెక్కి కల్లు తీస్తాడు. ఆ సంగతి ఆమె దాచిపెట్టుకునేదీ కాదు, చాటుకునేదీ కాదు. మా క్లాసులో స్పానిష్ అందరికన్నా బాగా వచ్చింది ఆమెకే. ఈ మాట స్నేహం కొద్దీ చెప్పడం లేదు. మేమంతా కాన్వెంటు ఇంగ్లీషు మీద స్పానిష్‌ని అతికించి మాట్లాడేవాళ్ళం. ఆమెకి ఆ ఇంగ్లీషు లేదు గనక స్పానిష్ స్పానిష్‌లాగే వచ్చింది. కానీ క్లాసులో ఆమెని ఎవరూ మాట్లాడమనేవారు కాదు. గలగలా మాట్లాడే మా ముందుబెంచీ వాళ్ళతోనే గంట అయిపోయేది.

జోడీలు చెప్పిన రోజున మేడం ఆమె వంక చూసి నవ్వుతూ, నడక నువ్వు తీసుకో, ఇంటి దగ్గర చూసే ఉంటావు కదా, నీకు సులువు అవుతుంది, అంది. చెడ్డ మనసుతో అన్నది కాదు. అదే నాకు ఎక్కువ చిర్రెత్తించింది. చెడ్డ మనసుతో అంటే కనీసం తిరిగి ఒక మాట అనొచ్చు.

ఆమె సరే మేడం అని కూర్చుంది. బయటికొచ్చాక క్యాంటీన్ మెట్ల మీద చెప్పింది, వాళ్ళ నాన్న తాగడని. నడుముకి మోకు బిగించుకుని అంతెత్తు చెట్టు ఎక్కేవాడు తాగితే ఎట్లా ఎక్కుతాడు, ఎట్లా దిగుతాడు? రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ తాడు మీదే ప్రాణం. తాగేవాళ్ళు చెట్టు కింద ఉంటారు, వాళ్ళలో ఊరి పెద్దలూ ఉంటారు, పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్ళూ ఉంటారు. ఇవన్నీ మామూలుగా చెప్పి, చివర్న ఒక్క మాట మాత్రం నా మొహం చూసి అంది.

"నాకు మాట్లాడాలె అని ఉందే. ఒక్కసారి ఎవరన్న కూసొని నా స్పానిష్ వినాలె. రెండేండ్ల సంది నన్నెవరూ వినలే."

అంతే, నాకు పట్టింది భూతం. ఆ రోజే మేడం గదికి పోయి వాదన పెట్టుకున్నాను. ఆమె మాట్లాడుతుంది, నేను నడుస్తాను అన్నాను. మేడం నన్ను ఎగాదిగా చూసి, నువ్వా, నువ్వు ఎప్పుడైనా తాగినవాణ్ణి దగ్గర్నుంచి చూశావా, అంది. చూడలేదు, నేర్చుకుంటాను అన్నాను. బయట్నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు నవ్వులపాలు చేయకండి అంటూ విసుక్కుంది. నేను కదలకుండా నిలబడ్డాను. చివరికి మీ ఇష్టం అంది. ఆ 'మీ ఇష్టం'లో ఇష్టం ఏమీ లేదు.

ఇక నడక నేర్చుకోవడం మొదలైంది. మా మిద్దె మీద సాయంత్రం పూట బట్టలు ఆరేసే తీగ కింద నడిచేదాన్ని. తూలేదాన్ని, పడబోయి తమాయించుకునేదాన్ని. ఒకరోజు అమ్మ పైకొచ్చి చూసి హడలిపోయింది. "ఏమ్మా, తల తిరుగుతాందా?" అని రెక్క పట్టుకుని కిందికి తీసుకుపోయి మజ్జిగ తాగించింది. మర్నాడు దిష్టి తీసింది. పరీక్ష కోసమని చెప్పాను గానీ ఏం పరీక్షో చెప్పలేదు. ఈ సంగతి నాన్న చెవిన పడితే చదువు అక్కడితో సరి. అసలే ఆయన టీవీ ముందు కూర్చుని రాష్ట్రం రెండైతే మన గతేంటి, ఇప్పుడే బదిలీకి పెట్టుకోవాలా అని రోజూ గొణుగుతున్నాడు.

నా జోడీ నా నడక చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. సినిమాల్లో తాగుబోతులాగా ఉన్నావంది. హాస్టల్ వెనక కారిడార్‌లో గోడకి ఆనుకుని కూర్చుని పాఠం చెప్పింది. "తాగినోడు తూలాలని చూడడే. తూలకుండ నడవాలని చూస్తడు. గంత కష్టపడి సక్కగ నడుస్తడు సూడు, గప్పుడు తెలుస్తది తాగిండని." ఆ ఒక్క మాటతో నా కాళ్ళకి తెలివొచ్చింది. అప్పట్నుంచి తూలడం మానేసి, తూలకుండా ఉండడానికి తంటాలు పడటం నేర్చుకున్నాను. ఆమె ఒక్కో మాట చెప్పడం, నేను నడవడం. నడిచేది ఆడపిల్ల గనక మాట చివరి 'ఓ' కాస్తా 'ఆ' అయ్యేది. 'అచిస్పాదా' అని ఆమె నోటి నుంచి వస్తే ఆ మాటలో నిప్పురవ్వ నిజంగానే చిటపటమనేది. నేను నడక మరిచిపోయి వింటూ నిలబడేదాన్ని, ఆమె తిట్టేది.

పరీక్ష మాత్రం జరగదు. ఒకసారి తేదీ వేస్తే బంద్. ఇంకోసారి వేస్తే రాస్తారోకో. మరోసారి అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటే ఎక్స్‌టర్నల్ రైలు ఎక్కడో ఆగిపోయింది. ప్రతిసారీ ముందురోజు నాకు జ్వరం వచ్చినట్టు ఉండేది, మర్నాడు నోటీసు చూసి పళ్ళు కొరుక్కునేదాన్ని. తల ప్రాణం తోకకి వచ్చేది. ఇంట్లో ఏమన్నా అంటే నువ్వు వాళ్ళ వైపు మాట్లాడుతున్నావనేవాళ్ళు. క్యాంపస్‌లో ఏమన్నా అంటే నువ్వు ఆంధ్రా కదా అనేవాళ్ళు. నాది సీమ తల్లీ అంటే, అయితే మాకన్న మీకే నీళ్ళు తక్కువ, నువ్వు కూడ జెండా పట్టు, అని నా జోడీ వేళాకోళం చేసేది. ఆమె ఊరేగింపులకి పోయేది. పోయినా సరే, సాయంత్రానికి కారిడార్‌లో మాటల సాధనకి వచ్చేది. ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. కోపం తెచ్చుకుందామంటే ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆఖరికి పరీక్ష వచ్చే నెలకి వాయిదా అని నోటీసు పెట్టారు. వచ్చే నెల అన్నారు గనకే ఆమె రోడ్డుకవతల పెద్ద యూనివర్సిటీలో విద్యార్థులు వేసిన దీక్షా శిబిరంలో కూర్చుంది. మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టని మూడు రోజుల దీక్ష. నేను వెళ్ళి చూసొచ్చాను కూడా. టెంటు కింద పరుపు మీద కూర్చుని, ఎండకి పుస్తకం అడ్డం పెట్టుకుని, పెదాలు కదుపుతోంది. పాట పాడుతోందనుకున్నాను. దగ్గరకెళ్తే 'బెబీదో, తొమాదో' అని తాగినవాళ్ళ మాటలే వల్లె వేస్తోంది. అదీ దీక్షే అంది.

సరిగ్గా ఆ దీక్ష ముగిసే రోజున, పదింటికి డిపార్టుమెంటు నుంచి ఫోను. ఎక్స్‌టర్నల్ వేరే పని మీద ఊళ్ళోకి వచ్చాడట, సాయంత్రం కాచిగూడలో రైలట, ఇవాళ అయిపోతే అయినట్టు, లేకపోతే వచ్చే ఏడాదేనట. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. ఇన్ని నెలలు లేని పరీక్ష, వీళ్ళకి ఇవాళే దొరికింది.

పరుగున శిబిరానికి పోయాను. ఆమె మొహం పీక్కుపోయి ఉంది, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. సంగతి విని లేచి నిలబడి, టెంటు గుంజ పట్టుకుంది. కాస్త నిమ్మరసం తాగి రా, ఎవరూ ఏమీ అనుకోరు అని బతిమాలాను. బతిమాలి, తిట్టి, మళ్ళీ బతిమాలాను.

"సాయంత్రం అందరం కలిసి దీక్ష ఇడుస్తం అని మాటిచ్చిన. సాయంత్రం దాకనే కదనే. నేను నడిచేది ఏమున్నది, నిలబడి మాట్లాడుడే కదా. నువ్వు పోయి మన వంతు పట్టుకో, ఈళ్ళకు చెప్పి వస్తున్న."

వంతు పోతే ఏడాది పోతుంది. అందుకని నేను ముందు వచ్చేశాను.

నేను లోపలికి వచ్చిన కాసేపటికే బయట రోడ్డు మీద గోల మొదలైంది. గాలిలో ఘాటు. మా మెయిన్ గేటు మూసేశారు. ఆమె ఆ ఎండలో, ఆ పొగలో, చుట్టూ తిరిగి వెనక గేటు నుంచి రావాల్సొచ్చింది. ఈలోగా పరీక్ష గదిలో నేను నడవడానికి సిద్ధంగా కుర్తా చేతులు మడుచుకుని కూర్చున్నాను. ఎక్స్‌టర్నల్ ఉత్తరాది పెద్దమనిషి, తెలుగు ముక్క రాదు. ముందు జోడీల సినిమా వేషాలు చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. మా వంతు పిలిచారు. జోడీ ఏది అని మేడం కళ్ళతోనే అడిగింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

ఆమె తలుపు చెక్క పట్టుకుని ఒక క్షణం నిలబడింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. బల్ల వైపు చూసి, చెయ్యి వదిలి, నడవడం మొదలుపెట్టింది. తూలకూడదని చూస్తోంది. ఎంతో కష్టపడి, తిన్నగా, ఒక్కో అడుగూ చూసి వేస్తోంది.

ఎక్స్‌టర్నల్ నిటారుగా కూర్చున్నాడు. కలం ఎత్తి 'టిప్సీ' అన్నాడు. ఇంకో అడుగు పడగానే, కాదు కాదు అని తల ఊపి 'డ్రంక్' అన్నాడు. మేడం మొహం వెలిగిపోయింది. మేం మళ్ళీ మాట మార్చుకుని ఆమెకే నడక ఇచ్చామనుకుంది.

నేను లేచి, ఇది నటన కాదు సర్ అని ఇంగ్లీషులో అన్నాను. ఆయన అదీ ఆటలో భాగమే అనుకుని వేలెత్తి, చిరునవ్వుతో 'స్పానిష్‌లో' అన్నాడు. పరీక్ష గదిలో స్పానిష్ తప్ప మాట్లాడకూడదని నియమం మరి. తాగినవాళ్ళకి ఇన్ని మాటలు నేర్చుకున్నానే, ఆ క్షణాన తాగనివాళ్ళకి ఒక్క మాట నోటికి రాలేదు. ఆకలి, ఆమెకి ఆకలి, అని రెండుసార్లు స్పానిష్‌లో అరిచాను. ఆయన హాయిగా నవ్వి ఏదో రాసుకున్నాడు. తాగినవాళ్ళకి ఆకలి వేస్తుంది కదా, నేను ఆ సందర్భం చెప్తున్నాననుకున్నాడు.

ఆమె బల్ల దాకా వచ్చింది. రెండు చేతులూ బల్ల అంచు మీద ఆనించి, నా వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది. మొదటి మాట మొదలుపెట్టింది. 'అచిస్' దాకా వచ్చి, మోకాళ్ళు మడతపడి కింద కూలిపోయింది.

'హామర్డ్' అన్నాడాయన. అని చప్పట్లు కొట్టాడు.

"మేడం, ఆమె మూడు రోజుల్నుంచి దీక్షలో ఉంది, ఏమీ తినలేదు!" అని నేను తెలుగులో గావుకేక పెట్టాక గానీ మేడం కుర్చీలోంచి లేవలేదు. అప్పుడు మాత్రం పరిగెత్తుకొచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. అది కాదనను. ఇద్దరం కలిసి హెల్త్ సెంటర్‌కి మోసుకుపోయాం. గ్లూకోజు ఎక్కించారు. సాయంత్రం శిబిరం వాళ్ళు అక్కడికే వచ్చి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. రసం తాగి, గ్లాసు నా చేతికిచ్చి, ఆమె అడిగిన మొదటి మాట, నా మాటలు ఎప్పుడు వింటరంట, అని. ఆయన అప్పటికి కాచిగూడ స్టేషన్లో రైలెక్కి ఉంటాడు. ఆ సంగతి నేను చెప్పలేక పక్కనున్న నర్సు మీద కారణం లేకుండా అరిచాను.

ఫలితాలు వచ్చినప్పుడు మా డిపార్టుమెంటు గోడ దగ్గర అందరూ ఆమె వీపు తట్టారు. నాకు అత్తెసరు. ఆమెకి క్లాసులో అందరికన్నా ఎక్కువ. నటన ఎంతో సహజంగా ఉందని ఆయన ప్రత్యేకంగా రాసి వెళ్ళాడట. ఆమె ఆ మార్కులు చూసి, నా చెయ్యి పట్టుకుని నేరుగా మేడం గదికి తీసుకుపోయింది.

మార్కులు తీసేసి మళ్ళీ పరీక్ష పెట్టమని అడిగితే మేడంకి అర్థం కాలేదు. తక్కువ వచ్చాయని వచ్చేవాళ్ళని చూశాను గానీ ఎక్కువొచ్చాయని వచ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానంది. పోనీలే, పడిన కష్టానికి ఆ విధంగా ఫలితం దక్కిందనుకోండి, ఆ ఎక్స్‌టర్నల్ మళ్ళీ రాడు, నేనేం రాయాలి ఇప్పుడు, అంది. మేడం చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అందుకే నాకు గోడకి తల బాదుకోవాలనిపించింది.

"ఆ మార్కులు దేనికి మేడం?" అంది నా జోడీ.

"నీ నడకకి. ఎంత బాగుందో తెలుసా, నేనూ నటనే అనుకున్నాను."

"అది నడక కాదు మేడం. నేను మాట్లాడనీకి వస్తున్న."

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కిటికీ బయట ఎవరో మైకు సరిచేసుకుంటూ హలో హలో అంటున్నారు.

నా జోడీ బల్ల ముందు నిలబడింది. అడక్కుండానే మొదలుపెట్టింది. 'అచిస్పాదా'. ఎక్కడ అంటారో, ఎవరంటారో, పెళ్ళిలో ముసలమ్మని చూసి మనవరాలు ఎట్లా అంటుందో, అంతా స్పానిష్‌లో. నేను తలుపు దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, నడిచాను. ఆమె తరవాతి మాటకి పోయింది. నేను మళ్ళీ తలుపు దగ్గరికి. మధ్యలో ఎవరో సంతకానికి వచ్చి తలుపు తోశారు, మేడం చేత్తోనే పొమ్మంది. 'బొర్రాచా', 'బోలా', 'తొమాదా'. ఆ గొంతులో ఎక్కడా తొందర లేదు. పీపా దగ్గరికి వచ్చేసరికి నేను నేల మీద కూలబడ్డాను. మా ఇంట్లో ఎవరైనా చూస్తే ప్రాణాలు విడిచేవాళ్ళు.

మేడం మేం అనుకున్న ఇంగ్లీషు మాట ఒక్కటీ చెప్పలేదు. ఆమె నన్ను చూడటం లేదు. నా జోడీని చూస్తోంది. అంతా అయ్యాక మెల్లగా అంది, "నీ స్పానిష్ ఇంత బాగుంటుందని నాకు తెలియదమ్మా."

"మీ క్లాసులనే కూసున్న మేడం," అంది నా జోడీ. "రెండేండ్లు."